వెతకడం ఇంటివాళ్ల పనేనా?

కామారెడ్డి జిల్లా భిక్నూర్ టోల్‌గేటు దాటిన బండి గంట తిరిగేసరికి తూప్రాన్ కూడా దాటిపోతుంది. ఊరికి రైల్వేస్టేషనుంది. తెలంగాణ విశ్వవిద్యాలయం దక్షిణ ప్రాంగణానికి చుట్టుపక్కల నుంచి పిల్లలు వచ్చిపోతుంటారు. ఇలాంటి చోట ఒక పిల్ల పొద్దుగూకినా ఇల్లు చేరకపోతే మొదటి కొన్ని గంటలే కీలకం. ఆ గంటలు కాస్తా చుట్టాలకు ఫోన్లు చేయడంలో, బస్టాండులో ఫొటో చూపించి అడగడంలో, ఠాణాలో ‘రేపటిదాకా చూడుండ్రి’ అనిపించుకోవడంలో కరిగిపోతాయి. ఈ నింపాదితనానికి ఉత్తర తెలంగాణలో పాత వేళ్లున్నాయి. ఒకప్పుడు కాలేజీకి పోయిన పిల్లగాడు తిరిగిరాకపోతే ‘అన్నల్ల కలిసిండు’ అనుకునేవారు. ఎన్‌కౌంటర్లలో పోయిన బిడ్డల శవాల కోసం తిరిగి తిరిగి, ఆ కుటుంబాలే 2002లో అమరుల బంధుమిత్రుల సంఘం పెట్టుకున్నాయి. దుబాయి, మస్కట్ పోయి జాడ తెలియకుండా పోయినవారి కథలూ ఈ జిల్లాలకు కొత్త కాదు. ఇప్పుడు వినిపించే మాట ‘ఎవలితోనో పోయి ఉంటది’. కాలాన్నిబట్టి జవాబు మారింది గానీ, వెతక్కముందే జవాబు చెప్పేసుకునే అలవాటు మారలేదు.

ఆ అలవాటు ఎంత పని చేస్తుందో యాదాద్రి జిల్లా బొమ్మలరామారం మండలం హాజీపూర్‌లో చూశాం. 2019 ఏప్రిల్‌లో తొమ్మిదో తరగతి అమ్మాయి ప్రత్యేక తరగతులకు వెళ్లి ఇంటికి రాలేదు. ఊరివాళ్లే వెతుక్కుంటూ పోయి పాడుబడ్డ బావిలో స్కూలు సంచి చూశారు, దాంతోనే శవం బయటపడింది. తవ్వేకొద్దీ మరో ఇద్దరి ఆనవాళ్లు దొరికాయి. ఒకరు ఆ మార్చిలోనే కనిపించకుండా పోయిన డిగ్రీ విద్యార్థిని. ఎవరితోనో వెళ్లిపోయిందనుకుని ఇంటివాళ్లు ఫిర్యాదే చేయలేదని పత్రికలు రాశాయి. మరొకరు 2015లో తప్పిపోయిన పదకొండేళ్ల పాప. తప్పిపోయిన పిల్లల విషయంలో అపహరణో అక్రమ రవాణానో జరిగిందనే భావించి ఎఫ్ఐఆర్ కట్టాలని సుప్రీంకోర్టు 2013 మే 10న, బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో చెప్పింది. ఆ తర్వాత రెండేళ్లకు పోయిన పాప ఆమె. నాలుగేళ్లపాటు ఆ ఎముకలు బావిలోనే ఉన్నాయి. 2015లోనే గట్టిగా వెతికి ఉంటే మిగతా ఇద్దరూ బతికేవారనే నేను నమ్ముతున్నాను. 2020 ఫిబ్రవరిలో నల్గొండ కోర్టు ఉరిశిక్ష వేసింది. శిక్ష పడింది నిజమే, కానీ వెతుకులాటలో జరిగిన లోపానికి అది జవాబు కాదు. అదే 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర కనిపించకుండా పోయిన పశువైద్యురాలి కోసం ఇంటివాళ్లు అర్ధరాత్రి ఠాణాల మధ్య తిరగాల్సివచ్చింది. ఆలస్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు.

పోయినవారికి పద్దెనిమిది నిండాయా లేదా అన్నదే ఠాణాలో మొదటి ప్రశ్న. చిక్కంతా అక్కడే ఉంది. మైనరైతే కిడ్నాప్ సెక్షన్ పెడతారు. పద్దెనిమిది దాటితే మన ఎఫ్ఐఆర్‌లో సెక్షన్ రాయాల్సిన చోట ‘ఉమన్ మిస్సింగ్’, ‘మ్యాన్ మిస్సింగ్’ అని ఉంటుంది. అది నేరం పేరు కాదు. నేరమే లేని కేసుకు ఏ ఠాణాలోనైనా ఆఖరి వరుసే దక్కుతుంది. పోలీసులు ఏమీ చేయడం లేదనను. జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ముస్కాన్ పేరిట ఏటా ఎందరో పిల్లలను ఇటుక బట్టీల నుంచి, ప్లాట్‌ఫారాల నుంచి విడిపిస్తున్నారు. అయితే అది కనిపించిన పిల్లలను కాపాడటం. ఫలానా ఇంటి బిడ్డను వెతకడం వేరే పని.

పోయినవారిలో ఎక్కువమంది వాళ్లంతట వాళ్లే వస్తారు, ఉన్న కొద్ది సిబ్బందితో అందరి వెంటా పడగలమా అని అధికారులు అడుగుతారు. ఎవరు తిరిగొస్తారో ముందే తెలిసే దారి లేనప్పుడు ఆ లెక్క దేనికీ పనికిరాదు. పైగా తొలిరోజు చేయాల్సిన పనులు కొండంతేమీ కావు. ఫోన్ టవర్ వివరాలు, టోల్‌గేటు, బస్టాండు కెమెరాల ఫుటేజీ, చివరిసారి చూసినవారి వాంగ్మూలం, అంతే. ఫుటేజీ కొన్నాళ్లకు చెరిగిపోతుంది, తర్వాత ఎంత పెద్ద అధికారి అడిగినా దొరకదు. ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఇంకోటుంది. కులం దాటి పెళ్లిచేసుకున్న బిడ్డను పట్టితెప్పించడానికి తల్లిదండ్రులు మిస్సింగ్ కేసునే వాడుకుంటారు. ఈ భయం నిజమైనదే, కులాంతర పెళ్లి కారణంగా మిర్యాలగూడలో 2018లో జరిగిన హత్య ఎవరూ మరిచిపోలేదు. అయితే దానికి మందు వెతకడం మానేయడం కాదు. దొరికిన మనిషి మేజరైతే, తన ఇష్టప్రకారమే ఉన్నానని మేజిస్ట్రేటు ముందు చెబితే కేసు అక్కడితో మూసేయాలి. ‘క్షేమంగా ఉంది’ అన్న ఒక్క మాట మాత్రమే ఇంటికి చెప్పి, చిరునామా ఇవ్వకూడదు. ఆ కట్టుబాటు రాతపూర్వకంగా ఉంటే ఇల్లు విడిచిన జంటకు ఠాణా అంటే భయం తగ్గుతుంది, ఆపదలో ఉన్న పిల్ల కోసం పోలీసులు ఆ రాత్రే కదలడానికీ అడ్డు ఉండదు.