కార్తెది ఎండ లెక్క, వాన లెక్క మనమే రాసుకోవాలి

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

"ఇప్పుడు కార్తెలు కూడా తప్పుతున్నాయి" అనే మాట అల్లూరు నుంచి ముత్తుకూరు దాకా ఏ టీ అంగడి దగ్గర కూర్చున్నా వినపడతా ఉంది. మాఘం రాకముందే మల్లె మొగ్గ కడతా ఉంది. మామిడికి ఒక కొమ్మ పూతలో ఉంటే పక్క కొమ్మ లేత ఆకు వేస్తా ఉంది. ఆడవాళ్లు పెరట్లో చూసి ముందే చెప్తున్నారు, మనం చేలో చూసి తర్వాత ఒప్పుకుంటున్నాం.

అయితే ఒక్క మాట. కార్తె ఎక్కడికీ పోలేదు. సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడో చెప్పే లెక్క అది. మృగశిర జూన్ 8కి అటూ ఇటూగా వస్తుంది, హస్త సెప్టెంబరు ఆఖర్లో వస్తుంది. ఆ తేదీ ఒక్క రోజు జరగాలంటే డెబ్బై ఏళ్లు పైగా పడుతుంది. మన పెద్దోళ్లు ఆ ఎండ లెక్కకి వాన లెక్కని జత చేసి మనకి ఇచ్చారు. ఇప్పుడు ఆ జత విడిపోతా ఉంది.

చెట్టుకి పంచాంగం తెలియదు. మామిడి పూతకి రావాలంటే రెమ్మ ముదరాలి, రాత్రిళ్లు చల్లబడాలి, నేల కొంచెం ఆరాలి. డిసెంబరులో వానలు పడి, రాత్రి వెచ్చగా ఉంటే అది పూత మానేసి చిగురేస్తుంది. నిమ్మ సంగతి గూడూరు, పొదలకూరు అన్నలకి నేను చెప్పాల్సిన పని లేదు. హస్త బహార్ అనే పేరే కార్తె నుంచి వచ్చింది. నీళ్లు కట్టేసి చెట్టుని వాడగొట్టి, మళ్లీ తడిపితే సెప్టెంబరు, అక్టోబరులో పూత వస్తుంది, ఎండాకాలంలో కాయకి ధర పలుకుతుంది. చెట్టు వాడాల్సిన రోజుల్లో వాన పడితే ఆ పూత పోయినట్టే. పూత తప్పితే వేసవి ధర కూడా తప్పుతుంది.

వరికి ఇంకా కష్టం. మన జిల్లాకి అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య రుతుపవనమే. 2021 నవంబరులో పెన్నకి వరద వచ్చి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది. 2023లో అక్టోబరు ఎండిపోయింది. చివరికి డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను మన తీరం పక్కనే పోయి బాపట్ల దగ్గర ఒడ్డుకెక్కింది. ఎండిపోయిన అక్టోబరు, మునిగిన డిసెంబరు ఒకే సీజన్లో చూశాం. కార్తె చూసి అందరూ ఒకే వారంలో నారు పోస్తే ఇలాంటి ఏడు అందరూ కలిసే మునుగుతారు.

రాత్రి వేడి గురించి కూడా చెప్పాలి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల లెక్కలు చూసి 2004లో శాస్త్రవేత్తలు ఒక మాట చెప్పారు. పంటకాలంలో రాత్రి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే అక్కడ దిగుబడి పదో వంతు తగ్గింది. పగటి ఎండని మనం తిట్టుకుంటాం, రాత్రి ఉక్కని పట్టించుకోం.

"అకాలం పూత మా తాతల నాడూ ఉంది" అనే వాళ్లున్నారు. నిజమే. ఒక చెట్టు ఒక ఏడు ముందు పూస్తే అది సాక్ష్యం కాదు. అందుకే రాసిపెట్టాలి. జపాన్‌లోని క్యోటోలో చెర్రీ పూల తేదీలు 1,200 ఏళ్ల నాటి నుంచి దొరుకుతున్నాయి. 2021లో మార్చి 26కే చెట్లు నిండా పూశాయి. అప్పటిదాకా అంత ముందుగా పూసిన ఏడు ఆ లెక్కల్లో ఇంకోటి లేదు. రాసి ఉంది కాబట్టే ఆ మాట ధైర్యంగా అనగలిగారు. మన దగ్గర ఉండేది జ్ఞాపకం ఒక్కటే, దాన్ని ఏ ఆఫీసులోనూ ఒప్పుకోరు.

కాబట్టి నేను అడిగేది చిన్న పని. ఇంటికో నోటుబుక్కు పెట్టండి. మామిడి తొలి పూత, వేప పూత, మల్లె మొగ్గ, నిమ్మ పూత ఏ తేదీన కనపడ్డాయో రాయండి. నిటారు గోడలుండే డబ్బా ఒకటి ఆరుబయట పెట్టి, వాన పడ్డాక లోపలి నీళ్లని స్కేలుతో మిల్లీమీటర్లలో కొలవండి. దొరువులో నీళ్లు ఎంత లోతుకి పోయాయో కూడా రాయండి. వాతావరణ బీమాలో చూసేది వాళ్లు గుర్తించిన కేంద్రం కొలతే, మన డబ్బా కొలతకి డబ్బు రాదు. కానీ "మా ఊళ్లో ఇంత పడింది, మీ లెక్కలో ఎందుకు లేదు" అని ఊరంతా కలిసి అడగడానికి మన చేతిలో ఒక కాగితం ఉంటుంది.

రెండోది, నారు అంతా ఒక్కసారే పోయొద్దు. పది రోజుల తేడాతో రెండు విడతలు చేయండి. ఆలస్యమైతే బీపీటీ 5204 లాంటి 150 రోజుల రకం కోసం పట్టుబట్టొద్దు, అది ఈనే సమయం ఎండల్లో పడుతుంది. మన నెల్లూరు పరిశోధనా స్థానం ఇచ్చిన ఎన్ఎల్ఆర్ 34449 నాలుగు నెలల్లో చేతికొస్తుంది.

కార్తెని వదలమని నేను అనను. క్యాలెండర్లో కార్తె చూడండి, దాని పక్కనే మీ పెరటి చెట్టు తేదీ కూడా రాయండి. పదేళ్ల తర్వాత మన పిల్లలు సేద్యం చేస్తే వాళ్లకి కొత్త కార్తె లెక్క కావాలి. అది ఇంకెవరూ రాసివ్వరు.