ఇంటి విచారము: ముసలికారుకు క్రొత్త షాకులు

ఎమ్మిగనూరునుండి యొక సోదరి మాకు జాబు వ్రాసినారు. 2008 లో కొన్న మారుతి ఆల్టో కారు వారి యింట గలదు. 2023 లో దాని రిజిస్ట్రేషను మఱి యైదేండ్లకు పొడిగింపబడినది. ఇపుడది గతుకులలో దబదబ మ్రోగుచున్నదనియు, స్పీడుబ్రేకరు దాటిన పిదప మూడు నాలుగు మాఱు లెగిరిపడుచున్నదనియు, వెన్నునొప్పిగల అత్తగారిని నెల కొకసారి కర్నూలు ఆసుపత్రికి అందులోనే కొనిపోవలసి యున్నదనియు వారు వ్రాసిరి. "నాలుగు షాకులును పోయినవి" అని మెకానిక్కు చెప్పెనట. "బండినే అమ్మివేయుదము" అని భర్తగా రనుచున్నారట. చీటీ పాడిన సొమ్ము కొంత చేత నున్నది. అది కుమారుని కాలేజీ ఫీజుకు దాచినది. ఇట్టి సందేహము మన యిండ్లలో ననేకులకు గలుగునది గనుక ప్రత్యుత్తరము నీ పుటలోనే వ్రాయుచున్నాము.

మొదట షాకు చేయు పని యేమో తెలిసికొనవలయును. బండి బరువును మోయునది స్ప్రింగు, షాకు కాదు. ఊయలను ఒక్కసారి త్రోసి విడిచినచో అది యూగుచునే యుండును. చేయి యడ్డుపెట్టినగాని నిలువదు. స్ప్రింగు ఊయలవంటిది, షాకు ఆ యడ్డుపెట్టు చేయి. దాని గొట్టములో నూనెయు, సన్నని రంధ్రములుగల పిస్టనును ఉండును. మురుకుల గొట్టములో పిండిని మెల్లగా నొత్తినచో సులభముగా దిగును. వేగముగా నొత్తినచో చేతికి ఎదురుతిరుగును. షాకులోని నూనెయు నట్లే వేగమైన కదలిక నెదిరించి యణచును. నూనె కారిపోయినను, లోని కవాటము లరిగినను, ఆ యెదిరింపు తగ్గి బండి ఊయలయే యగును.

ఆల్టోకు ముందరివైపున నున్నవి స్ట్రట్టులు. వెనుకవైపున నున్నవి షాకులు. స్ట్రట్టులో స్ప్రింగును షాకును ఒకే కంబముగా కూర్పబడి యుండును. స్టీరింగు త్రిప్పినపుడు ఆ కంబమే చక్రముతో గూడ తిరుగును. అమెరికా యింజనీరు ఎర్ల్ మాక్‌ఫర్సన్ 1940 దశకములో రూపొందించిన యీ యమరికయే నేటి చిన్నకారులలో పెక్కింటికి గలదు. వెనుక స్ప్రింగు వేఱు, షాకు వేఱు. కావున ముందరి పని కష్టము, ఖర్చు నెక్కువ, వెనుకది సులభము.

మన ప్రాంతమున నివి త్వరగా నరుగుటకు కారణము మన నేలయే. ఆదోని, ఎమ్మిగనూరుల చుట్టు నున్నది నల్లరేగడి. వానకు ఉబ్బును, ఎండకు కుంచించుకొని నెఱ్ఱెలు వాఱును. దానిపై వేసిన తారురోడ్డు అలలవలె లేచి దిగును. ప్రత్తికాలములో ఆదోని మార్కెట్టుకు వచ్చు లారీల బరువునకు ఆ యల లింకను లోతగును. ఇట్టి త్రోవను షాకు విరామము లేక పనిచేయును; పిస్టను కడ్డీకి ధూళి పట్టి నూనె నాపు సీలు చెడును.

ఇక పరీక్ష. బండి ఒక మూలను రెండుచేతులతో గట్టిగా నొత్తి విడువవలయును. ఒకసారి లేచి నిలిచినచో షాకు బాగున్నది. రెండు మూడు మాఱు లూగినచో పని ముగిసినది. గొట్టముపై తడినూనె కాఱిన జాడ యున్నను, టైరుపై చేయి నిమిరినపుడు మిట్టపల్లములుగా నరిగినట్లు తగిలినను, బ్రేకు వేయగానే ముక్కు క్రిందికి వంగినను ఇవి షాకు లోపమునకు గుర్తులే. కేవలము చప్పుడు మాత్రము గుర్తు కాదు. స్టెబిలైజరు బారు బుష్షులు, లోయరు ఆరము బుష్షులు, స్ట్రట్టు తలపైనుండు మౌంటు అరిగినను అట్టి చప్పుడే వచ్చును. మాకు తెలిసిన యొక కుటుంబమువారిని నాలుగు షాకులు మార్చుడని యొక షెడ్డువారు నిర్బంధించిరి. వేఱొకచోట చూపగా, రెండు బుష్షులతో చప్పుడు నిలిచినది. కావున బండిని పైకెత్తించి, లోపమును కన్నులార చూచిన పిదపనే సొమ్ము తీయవలయును.

షాకులను ఒంటిగా మార్చరాదు. ముందరివైనచో కుడియెడమ రెండును, వెనుకవైనచో రెండును కలిపియే మార్చవలయును. లేనిచో బ్రేకు వేసినపుడును మలుపులోను బండి ఒకప్రక్కకు లాగును. నాలుగును చెడినను సొమ్ము చాలనిచో ముందరి జత మొదట. ఇంజను బరువు, స్టీరింగు, బ్రేకు భారములో నధికభాగము అక్కడనే గదా.

కొనునపుడు మారుతివారి పెట్టెలోని సొంతభాగము గాని, 1961 నుండి మనదేశమున షాకులు చేయుచున్న గాబ్రియేల్ వంటి పేరుగల సంస్థది గాని తీసికొనుట మేలు. ఆర్‌సీ పుస్తకమును వెంట గొనిపోయి మోడలును సంవత్సరమును సరిచూపించుకొని, బిల్లు తీసికొనవలయును. నూనెమాత్రమే యుండు రకము, నైట్రోజను వాయువు చేర్చిన రకము అని రెండు గలవు. మజ్జిగ చిలికినపుడు నురుగు లేచినట్లు, గతుకులలో ఎడతెగక పనిచేయు నూనెయు నురుగెత్తి బలము కోల్పోవును. వాయుపీడనము ఆ నురుగును తగ్గించును. దూరప్రయాణము చేయువారికి రెండవది మంచిది. పాతగొట్టములో నూనె పోసి రంగు పూసి యమ్ము సరకు ఎంత చవుకయైనను వలదు. స్ప్రింగు చుట్టల నడుమ రబ్బరు బిగించి బండిని ఎత్తుచేయు సలహాయు వినకుడు. అది షాకు పని చేయదు, వెన్నునకు కుదుపు నధికము చేయును.

స్ట్రట్టు విప్పినపుడే మౌంటు, బేరింగు, బంపు రబ్బరు, ధూళితొడుగు చూపించి, అరిగినవానిని మార్పించవలయును. కూలి రెండవమాఱు తప్పును. స్ప్రింగును ఒత్తిపట్టు పనిముట్టు లేని షెడ్డులో స్ట్రట్టును విప్పనీయరాదు. బిగువున నున్న స్ప్రింగు తటాలున విడివడినచో ప్రాణాపాయము. పని ముగిసిన పిదప వీల్ అలైన్‌మెంటు తప్పక చేయించవలయును. లేనిచో క్రొత్త టైర్లు సైతము కొలదినెలలలో నరిగిపోవును.

ఇక అమ్ముటయా, ఉంచుటయా? సోదరి యొక పని చేయవలయును. బానెటు ఎత్తించి స్ట్రట్టు తలలు బిగించిన రేకును, క్రిందినుండి నేలరేకును చూపింపుడు. అచ్చట త్రుప్పు తిని రేకు పొరలుపొరలుగా లేచుచున్నచో ఒక్క రూపాయయు వెచ్చింపక బండిని వదలుకొనుడు. క్రొత్తస్ట్రట్టు కుళ్లిన రేకుపై నిలువదు. రేకు గట్టిగా నుండి, ఇంజను సుఖముగా నున్నచో, పరీక్షలో చెడినట్లు తేలిన జతను మార్చుటకగు ఖర్చు మఱియొక బండి వాయిదాలకంటె మిక్కిలి తక్కువ. భాగములు, కూలి, అలైన్‌మెంటు మూడును కలిపి రెండుచోట్ల కాగితముపై వ్రాయించుకొని, ఫీజు గడువును ప్రక్కన వ్రాసికొని చూచినచో, ముందరి జత నీ నెలలోను, వెనుకది ఫీజు చెల్లిన పిదపను అని నిర్ణయము తానే తోచును.

అందాక అత్తగారిని వెనుకసీటున గాక ముందుసీటున కూర్చుండబెట్టుడు. వెనుకసీటు ఇరుసునకు చేరువ గనుక కుదు పచ్చట నెక్కువ. టైర్లలో గాలి కంపెనీవారు వ్రాసిన కొలతకు మించకుండ చూడుడు. ముందరి బండికి ఎడము పెంచి నడపించుడు. షాకులు చెడిన బండి టైరు రోడ్డును వీడి ఎగురుచుండుటచే బ్రేకు దూరము పెరుగును. దారిలో పల్లెబడుల పిల్లలు రోడ్డు దాటుచుందురు గదా. పని పూర్తియైన పిమ్మట అత్తగారి నడుము సంగతి మాకు వ్రాయవలయునని సోదరిని కోరుచున్నాము.