ఎదురుగాలిలో మీటరు మాట వినకండి

200 కిలోమీటర్ల బ్రెవేకి పదమూడున్నర గంటల టైం ఇస్తారు. టిఫిన్లూ పంక్చర్లూ అన్నీ కలుపుకుని గంటకి 15 పడితే చాలు. ఇంత తెలిసీ ప్రాక్టీసుకెళ్ళిన ప్రతిసారీ మా వాళ్ళు చూసేది యావరేజి స్పీడే. నేనూ అంతే లెండి, మొన్న జూలై దాకా.

ఆ ఆదివారం పొద్దున్నే అయిదింటికి నేనూ మా రూమ్మేటూ ఉప్పల్ నుంచి భువనగిరికి బయల్దేరాం. వానాకాలంలో హైదరాబాదులో గాలి ఎక్కువగా పడమటి నుంచే వీస్తుంది. మేం పోయేది తూర్పుకి. మీటరు 32 చూపిస్తోంది. అదంతా మా కాళ్ళ మహిమే అనుకున్నాం. వెనకగాలితో చిక్కు అదే, చెవికి వినపడదు.

తిరిగొచ్చేటప్పటికి ఎండతోపాటు గాలీ పెరిగింది. నాకు 17 దాటట్లేదు. వాడు మాత్రం 25కి తగ్గేది లేదని పంతం. గాలి ఎదురుగా 15తో వస్తుంటే మనం 25తో తొక్కితే ఒంటికి తగిలేది 40. నిరోధం వర్గంలో పెరుగుతుంది కాబట్టి గాలిని తొయ్యడానికే రెండున్నర రెట్లు శక్తి కావాలి. ఇంజనీరింగు చదివినవాళ్ళమే ఇద్దరం! ఘట్‌కేసర్ దగ్గరకొచ్చేసరికి వాడి సైకిలు లారీల వైపు తూలడం మొదలెట్టింది. "ఒరేయ్ ఆపరా" అని అరిచి ఆపించాను. చేతులు వణుకుతున్నాయి, సీసాలో చుక్క నీళ్ళు లేవు. ట్రాలీ ఆటోలో ఇంటికి చేరాం.

పోతూ 32, వస్తూ 17 అయితే యావరేజి 24న్నర రాదండీ, 22 చిల్లర వస్తుంది. ఎదురుగాలిలో గడిపే టైమే ఎక్కువ మరి. పోగొట్టుకున్నది వెనకగాలి పూర్తిగా తిరిగివ్వదు. ఎదురుగాలికి కొంచెం ఎక్కువ బలం పెట్టి, వెనకగాలికి తగ్గిస్తే టైం కలిసొస్తుందంటారు. నిజమే, రేసులకి. కానీ ఆ 'కొంచెం' ఎంతో నాలుగో గంటలో ఎవడికి తెలుస్తుంది?

అందుకే ఇప్పుడు నేను ఊపిరిని చూసుకుంటున్నాను. పక్కవాడితో ఆయాసం లేకుండా రెండు వాక్యాలు మాట్లాడగలిగితే అదే నా స్పీడు, మీటరు 17 అన్నా 30 అన్నా సరే. తిండీ నీళ్ళూ కూడా కిలోమీటర్ల లెక్కన కాదు, గడియారం లెక్కన. వానాకాలంలో ముందు పడమటికే, వికారాబాదు వైపు. అలిసిపోయాక గాలే ఇంటికి తోస్తుంది.

మా వాడు మాత్రం ఇంకా ఒప్పుకోడు. ఆ రోజు తిన్న ఇడ్లీ పడలేదట.