ఇమ్యూనిటీ డబ్బా సరే... ఆ మచ్చ చూపించారా?

చర్లలో మందుల షాపుకు వెళ్లినా, భద్రాచలంలో సూపర్‌మార్కెట్‌కు వెళ్లినా ‘ఇమ్యూనిటీ పెంచే’ పొడులు, సిరప్‌లు కనిపిస్తాయి. కరోనా తర్వాత అవి మన సరుకుల చీటీలోకి చేరిపోయాయి. టీవీ సౌండులా రోగనిరోధక శక్తినీ పెంచుకోవచ్చని మనకో నమ్మకం. అది పొరపాటు. ఎందుకో మీరే చూడండి.

మన రక్తంలో హెల్పర్ టీ కణాలుంటాయి. ఎవరితో ఎలా పోరాడాలో మిగతా రక్షణ కణాలకు చెప్పేవి ఇవే. ఛాతీలోని థైమస్ గ్రంథిలో ఎదిగి బయటికొచ్చేనాటికి చాలా వాటికి ఏ పని చేయాలో తేలి ఉండదు. సూక్ష్మజీవి ఎదురయ్యాక కణం లోపలి కొన్ని ప్రొటీన్లు జన్యువులకు స్విచ్‌లలా పనిచేసి ఆ సంగతి తేలుస్తాయి. వాటినే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు అంటారు. ‘టీ-బెట్’ స్విచ్ పడితే అది టీహెచ్1 కణం. మన కణాల్లో దాక్కునే క్షయ, కుష్టు బ్యాక్టీరియాపై దాడి చేయిస్తుంది. ‘గాటా-3’ పడితే టీహెచ్2. నులిపురుగులతో పోరాడుతుంది, అతి చేస్తే అలర్జీ, ఉబ్బసం తెస్తుంది. ఒకటి గెలిస్తే రెండోది అణగుతుంది. ఇక ‘ఫాక్స్‌పీ3’ ఉన్న కణాల పని పోరును అదుపులో పెట్టడం. ఈ పరిశోధనలకే 2025 వైద్య నోబెల్ దక్కింది.

కుష్టునే తీసుకోండి. బ్యాక్టీరియా ఒక్కటే, జబ్బు మాత్రం రెండు తీరులు. టీహెచ్1 బలంగా ఉంటే మచ్చలు కొన్నే, బ్యాక్టీరియా తక్కువే. కానీ ఆ పోరులోనే నరాలు దెబ్బతింటాయి. టీహెచ్2 వైపు మొగ్గితే బ్యాక్టీరియా ఒళ్లంతా పెరుగుతుంది. ఒక్కోసారి చికిత్స మధ్యలో టీహెచ్1 ఒక్కసారిగా రెచ్చిపోతే మచ్చలు వాచి, నరం నొప్పి పుట్టి, చెయ్యో కాలో పడిపోవచ్చు. అప్పుడు డాక్టర్లు ఇచ్చేది ఇమ్యూనిటీని తగ్గించే స్టెరాయిడ్! మరి ‘పెంచడం’ ఎప్పుడూ మంచిదేనా?

అందుకే నా మాట ఒక్కటే. డబ్బాకు పెట్టే ఖర్చు కంటే ఒంటి మీద పెట్టే చూపు విలువైనది. పాలిపోయిన లేదా రాగి రంగు మచ్చ, దానిపై స్పర్శ లేకపోవడం, వేళ్లలో తిమ్మిరి... వీటిని ‘పెళ్లి సంబంధాలు చెడతాయి’ అని దాచకండి. చదువుకున్న ఇళ్లలోనే ఈ దాపరికం ఎక్కువని నాకనిపిస్తుంది. ఆశా కార్యకర్తకు చెప్పండి, ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించండి. బహుళ ఔషధ చికిత్స ఉచితం. రకాన్ని బట్టి 6 లేదా 12 నెలలు వాడితే నయమవుతుంది. మందులు మొదలుపెట్టాక ఇతరులకు సోకే భయం త్వరలోనే పోతుంది. ఆలస్యం చేస్తే మాత్రం పోయిన నరాన్ని ఏ పొడీ తిరిగి తేలేదు.