మా జేజి గలాసుకూ ఒక ముద్ర వేయండి

ఆంధ్రప్రదేశ్ తూనికలు కొలతల శాఖ కంట్రోలర్ గారికి,



జమ్మలమడుగులో పుట్టి, పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీలో చదివి, బెంగళూరులో ప్రోగ్రాములు రాసుకుంటూ బతికేవాణ్ని. మీ శాఖకు వంటింటి గోడు రాయడం విడ్డూరంగానే ఉంటుంది. మీ చట్టం అమ్మకం, కొనుగోలు జరిగే చోటికి సంబంధించింది. వంటింటి గడప దాకా మీరు రావాల్సిన పని లేదు. రమ్మని పిలవడానికే ఈ ఉత్తరం.

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో మీ ముద్రకున్న విలువ మాకు తెలుసు. రెండో బొంబాయి అని పేరుపడిన ఊరు. మిల్లీగ్రాము తేడా వచ్చినా ఊరుకునే గిరాకీలు కారు అక్కడ. ఎలక్ట్రానిక్ కాటాలను ఏటేటా సరిచూసి ముద్ర వేస్తారు మీరు. పెట్రోలు బంకులో అనుమానమొస్తే 5 లీటర్ల కొలత డబ్బా తెప్పించి పట్టి చూపించమని అడగొచ్చు మేము. అయితే ఆ బంగారు వీధిలోనే మిల్లీగ్రాములు లెక్కపెట్టి కమ్మలు కొనుక్కున్న ఆమె, ఇంటికి పోయి సంగటికి ఎసరు పోసే గలాసులో ఎన్ని నీళ్లు పడతాయో ఆమెకూ తెలియదు, మీకూ తెలియదు. ఆమెకు తెలియాల్సిన అవసరమూ లేదు. ముప్పై ఏండ్లుగా ఆ గలాసుతోనే పోస్తోంది, సంగటి ఎప్పుడూ చెడలేదు. అవసరం మాలాంటి వాళ్లకొచ్చి పడింది.

మాలాంటి వాళ్లంటే, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ నుంచీ, ప్రొద్దుటూరు, పులివెందుల ఇంజినీరింగ్ కాలేజీల నుంచీ ఏటా బయటికొచ్చి, రాత్రి బస్సులెక్కి బెంగళూరు, హైదరాబాదు చేరుకునే బ్యాచీలు. హోటలు తిండి మొహం మొత్తినాక ఇంటికి ఫోన్ చేసి వంట నేర్చుకునే జాతి. మా మీద ఒక జోకుంది: అయిదు నిమిషాల పనిని తప్పించుకోవడానికి అయిదు గంటలు కూర్చుని ప్రోగ్రాము రాస్తారని. నిజమే. పైగా దానికి శాస్త్రప్రమాణం కూడా ఉంది. పెర్ల్ అనే భాషను తయారుచేసిన లారీ వాల్ 1991లో వచ్చిన తన పుస్తకంలో ప్రోగ్రామర్‌కు ఉండాల్సిన సుగుణాలు మూడన్నాడు: సోమరితనం, అసహనం, పొగరు. ఇందులో సోమరితనానికి ఆయన చెప్పుకున్న అర్థం ముచ్చటైంది. పదిమంది అడిగే ప్రశ్నకు పదిసార్లు జవాబు చెప్పే ఓపిక లేక, ఒక్కసారే శుభ్రంగా రాసిపెట్టేయడమట. ఆ లెక్కన మా ఇంట్లో అసలు సోమరితనం లేనిది మా జేజికి. మనవళ్లూ మనవరాళ్లూ ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేసి అదే సంగటి అడుగుతుంటే, అందరికీ మొదటి నుంచీ చెప్పుకొస్తుంది.

"జేజీ, నీళ్లు ఎన్ని పోయాల?"

"మూడు గలాసులు పొయ్యి నాయనా."

"యా గలాసు?"

"యా గలాసేందిరా, మన గలాసు. మీ తాత పేరు కొట్టిచ్చిందుంది సూడు, అది."

"అది మనింట్లో ఉంది జేజీ. నేను బెంగళూరులో ఉండా."

"అయితే ఆడుండే గలాసుతో పొయ్యి. బియ్యం మెత్తంగా ఉడికినాక పిండి నడుమ కుప్ప పోసి, కట్టెతో బొక్క పెట్టి, మూత పెట్టు. అప్పుడే గెలకమాక. పిండి మగ్గిన వాసన వొస్తాది. అప్పుడు దించి గెలుకు."

"ఎంతసేపటికి వస్తుంది వాసన?"

"వొచ్చినప్పుడు వొస్తాది."

ఇది విని మా ఆఫీసులో నవ్వని వాడు లేడు. నవ్వినవాళ్ల పక్షాన పెద్ద సాక్షి కూడా ఉన్నాడు. డొనాల్డ్ నూత్ 1968లో 'ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్' మొదటి సంపుటంలో, ప్రోగ్రాముకు మూలమైన అల్గారిథమ్‌కు ఏయే లక్షణాలుండాలో చెబుతూ, వంట పద్ధతిని పక్కన పెట్టి చూపిస్తాడు. వంటలో అన్నీ ఉన్నాయి కానీ ఖచ్చితత్వం లేదంటాడు, చిటికెడు ఉప్పంటే ఎంతని అడుగుతాడు. ఆయన కొలతల మీద వేళాకోళం ఆడినవాడే లెండి. 19 ఏళ్ల వయసులో, 1957లో, 'మ్యాడ్' అనే హాస్యపత్రిక కోసం ఒక కొలతల వ్యవస్థనే సృష్టించాడు. ఆ పత్రిక 26వ సంచిక మందం ఎంతో అదే అందులో పొడవుకు మూలప్రమాణం.

అంతటివాడితో నేను విభేదించేది ఒక్క చోట. ఉప్పెంతని అడిగితే జేజి చెప్పే "తగినంత" తప్పు కాదు. మా భాషలో దానికి లేజీ ఎవాల్యుయేషన్ అని గొప్ప పేరుంది. హాస్కెల్ లాంటి భాషల్లో ఒక విలువ నిజంగా అవసరమయ్యే దాకా దాన్ని లెక్క కట్టరు. ఉప్పు సంగతీ అంతే. పప్పు ఉడికి, చింతపండు పులుపెంతో తేలి, నాలుక మీద వేసుకున్నాక గానీ ఉప్పెంతో తెలియదు. ముందే గ్రాముల్లో రాసిపెట్టినవాడు చింతపండు పాతదో కొత్తదో ఎరగడు. బియ్యం మీద వేలు ఆనించి మొదటి గణుపు దాకా నీళ్లుంటే చాలనడం కూడా పామరత్వం కాదు. ఏ గిన్నెకైనా పనికొస్తుంది, గలాసుతో పని లేదు, వేలు ఎవరి వెంట వాళ్లకుంటుంది. పాత బియ్యం నీళ్లెక్కువ తాగుతాయి కాబట్టి అప్పుడింకొంచెం పైకి. చూసేవాడు చూసి తేల్చుకోవాలని చెప్పే మాట అది. మోసం లేదందులో.

మోసమల్లా కప్పుది. "1 కప్పు" అనగానే ఖచ్చితమైన లెక్కలాగా కనిపిస్తుంది. 1 ఉంది కదా మరి. అమెరికా కప్పు సుమారు 237 మిల్లీలీటర్లు. ఆస్ట్రేలియా కప్పు 250. జపాన్ వంటల కప్పు 200. రైస్ కుక్కర్‌తో పాటు వచ్చే చిన్న ప్లాస్టిక్ కప్పు ఎక్కువగా 180కి అటూ ఇటూ. అది జపాన్ పాత బియ్యపు కొలత మనింటికి నడిచొచ్చింది. పెద్ద చెంచా చాలా దేశాల్లో 15 మిల్లీలీటర్లయితే ఆస్ట్రేలియాలో 20. డాలస్‌లో ఉన్న మా అక్క కప్పు సెట్టుతో చేసి పంపిన లెక్కను నేను కుక్కర్ కప్పుతో చేస్తే, పిండీ నీళ్లూ రెండూ ఒకే కప్పుతో పోసినంత వరకు ఏమీ కాదు. ఒకటికి రెండు ఎక్కడైనా ఒకటికి రెండే. కప్పు పిండికి 100 గ్రాముల బెల్లం, 300 మిల్లీలీటర్ల పాలు అని కలిపి రాసినప్పుడే పాయసం ఒకచోట పాకమూ ఇంకోచోట గంజీ అవుతుంది. పొట్లాల వెనక ముద్రించే వంట విధానాల్లో ఈ కలగూరగంప తరచూ కనిపిస్తుంది.

ప్రమాణం లేని అంకె ఎంత చేటో మా వృత్తిలో కథలు కథలుగా చెప్పుకుంటారు. 1999 సెప్టెంబరు 23న నాసా వారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ నౌక అంగారకుడి దగ్గరికి చేరి నాశనమైంది. భూమ్మీద ఒక ప్రోగ్రాము పౌండ్ల లెక్కలో అంకెలిచ్చింది, వాటిని అందుకున్నవాళ్లు న్యూటన్ల లెక్కనుకున్నారు. ఒకదానికీ రెండోదానికీ దాదాపు నాలుగున్నర రెట్ల తేడా. లెక్కగట్టినవాళ్లకు చదువు తక్కువా? అంకె పక్కన ఏ కొలతో చూసుకోలేదు, అంతే.

ఈ జబ్బును మీ శాఖ ఒకసారి నయం చేసింది. అందుకే మీకు రాస్తున్నాను. మా ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు సేరంటే 24 తులాలు, ఇప్పటి లెక్కలో 280 గ్రాములు. అయిదు సేర్లు వీశె. రైల్వే వాళ్ల సేరు 80 తులాలు, అంటే 933 గ్రాములు. పేరొక్కటే, బరువు మూడింతలు పైన. 1956లో చట్టం చేసి, 1958 అక్టోబరు నుంచి దశలవారీగా కిలోలు, లీటర్లు తెచ్చి, ఊరూరా తిరిగి పాత గుండ్లు మాన్పించారు మీ పెద్దలు. ఇప్పుడున్న 2009 నాటి చట్టం 2011 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చింది. అంతా అయ్యాక కూడా పాత 11.66 గ్రాముల తులం పోయి 10 గ్రాముల తులం అంగట్లో నిలబడే ఉంది, పేరు మాత్రం వదల్లేదు. పులివెందుల చీనీ తోటల్లో 'సూటు' పేరిట టన్ను మీద అదనంగా తూచుకునే ఆచారం గురించి మీకు వేరే ఉత్తరం రాయాలి. అది నవ్వుతూ రాసేది కాదు.

ఇప్పుడు నా విన్నపం. పిండి పొట్లాల మీద నికర బరువు, ధర ఎట్లా రాయాలో మీ నిబంధనలు చెబుతాయి. వంట విధానం ముద్రించే కంపెనీలకు ఒక సలహా పత్రం పంపండి: కప్పు అని రాస్తే పక్కనే ఎన్ని మిల్లీలీటర్లో రాయమనండి. కుక్కర్ కప్పు మీద, అంగట్లో అమ్మే కొలత చెంచాల మీద ఆ అంకె చెరిగిపోకుండా ఉండాలని అడగండి. ఇందులో ఎవరికీ ఖర్చు లేదు.

ఇంకొకటి కాస్త చిత్రంగా ఉంటుంది. ప్రొద్దుటూరులో కాటాలకు ముద్రలు వేయడానికి మీ వాళ్లు వచ్చిన రోజున, ఒక్క పూట బల్ల వేసుకుని కూర్చోమనండి. ఎవరి గలాసు వాళ్లు తెస్తారు. ఖాళీ గలాసు కాటా మీద పెట్టి సున్నా చేసి, అంచు దాకా నీళ్లు పోసి తూచండి. గ్రాము నీళ్లంటే మిల్లీలీటరే కదా, మీకు నేను చెప్పాలా. స్టీలు సామాన్ల అంగట్లో పేర్లు కొట్టే పిల్లోడు ఎట్లాగూ ఉంటాడు. సూది మిషను గుయ్యిమనిపిస్తూ పెండ్లి తేదీ, ఇంటిపేరు చెక్కేది వాడే. ఆ పేరు కింద ఇంకొక వరుస, ఇన్ని మి.లీ. అని కొట్టిస్తే సరి. ఆ అంకెను ఒకసారి ఫోనులో చెబితే మనవళ్లందరికీ జీవితకాలం సరిపోతుంది. ఇది మీరు చేయకపోతే మేమే ఒక యాప్ రాస్తాం. ఆరు నెలలు పడుతుంది, ఆపైన ఎవరూ వాడరు. అందుకే ముందు మిమ్మల్ని అడుగుతున్నాను.

మా జేజి గలాసును కూడా తెప్పిస్తాను. బల్ల దగ్గర ఆమె ఒక పేచీ పెడుతుందని ముందే చెబుతున్నాను: అంచు దాకా నింపితే ఒప్పుకోదు. వేలెడు వెలితి ఉంచి తూచమంటుంది, ఆమె ఎప్పుడూ పోసేది అంతే. దయచేసి ఆమె చెప్పినట్టే తూచండి. ఉప్పు జోలికి మాత్రం పోవద్దు.

ఇట్లు,
జమ్మలమడుగు వాడైన ఒక సోమరి ప్రోగ్రామర్