సలహాకు వెల కట్టవచ్చునా?

"నాలుగు మాటలు చెప్పినందుకు కూడ డబ్బా?" అని మన గ్రామములలో రైతులు అడుగుచుందురు. దస్తావేజు వ్రాసినవానికిని, పొలము కొలిచినవానికిని, ఎద్దునకు వైద్యము చేసినవానికిని రుసుము నిచ్చుటకు వెనుదీయని రైతు, పైరు నంతయు తిరిగి చూచి మంచిచెడ్డలు చెప్పినవానికి మాత్రము ఒక కొబ్బరిబోండము కొట్టించి యిచ్చి పంపివేయును. ఆదరమునకు లోపము లేదు గాని, కొబ్బరినీళ్ళతో సంసారము గడవదు. ఉద్యోగమును దుకాణమును లేక, కేవలము తన విద్యచేతనే బ్రదుకు స్వతంత్ర వ్యవసాయ సలహాదారుని కష్టసుఖములను గూర్చి సంఘ సభ్యులకు కొంత మనవి చేయదలచితిని. నేను నెలజీతముపై ప్రదర్శన క్షేత్రములలో పనిచేయువాడను గనుక, ఇందు నాకు స్వలాభ మేమియు లేదు.

నేడు రైతునకు సలహా సులభముగా దొరకు చోటు పురుగుమందుల కొట్టు. రైతు చీడపట్టిన ఆకును తెంపి జేబులో వేసికొని పోవును. కొట్టువాడు దానిని చూచి రెండు సీసా లిచ్చి, ఖాతాలో వ్రాసికొనును. సలహా ఉచితమే, దాని వెల మాత్రము సీసా వెలలో కలిసియున్నది. కొట్టువారందరును మోసగాండ్రని నేననను. వారికొరకు హైదరాబాదు రాజేంద్రనగరులోని మేనేజ్ సంస్థ 2003 లో ఒక సంవత్సరపు డిప్లొమా నేర్పరచగా, శ్రద్ధతో చదివి బాగుపడినవారిని నేనెరుగుదును. కాని "ఈ వారము మందు కొట్టవలదు" అను మాటవలన ఎంత మంచివానికైనను కొట్టులో ఒక్క రూపాయియు రాలదు.

రైతునకు మిక్కిలి లాభము తెచ్చునది తరచుగా ఆ మాటయే. ప్రత్తిలో గులాబి రంగు పురుగునకు లింగాకర్షక బుట్టలు పెట్టినచో, వరుసగా 3 రాత్రులు బుట్ట కొక్కింటికి 8 రెక్కలపురుగులు పడినప్పుడు గాని పిచికారి అక్కరలేదు. వరిలో సుడిదోమకు నాటునాడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట విడిచి, అప్పుడప్పుడు మడి నారబెట్టిన చాల మేలు కలుగును. అట్లు చేయక సింథటిక్ పైరిత్రాయిడు మందులు కొట్టినచో దోమ తగ్గుటకు మారుగా పెరుగును. బాటలు విడుచుటకు బిల్లు లేదు. కావున దానిని చెప్పుటకు కొట్టులో ఎవ్వరికిని తొందర యుండదు.

నా పూర్వపు సహోద్యోగి యొకడు కొన్ని యేండ్ల క్రిందట ఉద్యోగము విడిచి, మిరప, ప్రత్తి రైతులకు స్వతంత్రముగా సలహా చెప్పుచున్నాడు. ఆయన సుఖము లేమనగా, బదిలీలు లేవు. పై అధికారికి పంపవలసిన లెక్కలు లేవు. తోచిన నిజమును ఎవరి మొగము చూడక చెప్పవచ్చును. ఒక్క పొలమును విత్తు మొదలు కోతవరకు విడువక చూచుటచేత, నాకు పదేండ్లలో తెలియనిది ఆయనకు మూడేండ్లలో తెలిసినది. ఈ విషయమున నాకు కొంత అసూయయు కలదు.

ఇక కష్టములు. జూన్ మొదలు జనవరి వరకు తెల్లవారుజామున నాలుగు గంటలకే ఫోను మ్రోగును. వేసవిలో పలుకరించువాడు లేడు. రుసుము పంట అమ్మిన పిమ్మట నిత్తుమందురు. ధర పడిపోయినచో ముందుగా కోతపడునది అదియే. దిగుబడి వచ్చినచో వాన చలవ, రానిచో సలహాదారుని తప్పు. అన్నిటికంటె పెద్ద చిక్కు అరువు. కొట్టులో బాకీయున్న రైతు మందు నచ్చటనే కొనవలెను. అచ్చట కొన్నప్పుడు అచ్చటి మాటయే వినవలెను. సలహాదారుని చీటి యప్పుడు జేబులోనే యుండిపోవును.

2021-22 లో మిరపపై నల్ల తామరపురుగు పడినప్పుడు ఆయనకు గొప్ప పరీక్ష కలిగెను. త్రిప్స్ పార్విస్పైనస్ అను ఈ పురుగు మన దేశమున మొదట 2015 లో బెంగళూరు ప్రాంతమున బొప్పాయిపై కనబడినది. పూవులో దాగి తినుటచే పిచికారికి సరిగా చిక్కదు. "దీనిని రూపుమాపు మందు నాకు తెలియదు, నీలి అంటు అట్టలు పెట్టుడు, వేపనూనె వాడుడు, దినము విడిచి దినము మందులు మార్చి కొట్టకుడు" అని ఆయన స్పష్టముగా చెప్పెను. తెలియదన్నవానికి రుసుమెందుకని చాలమంది మానివేసిరి. ఆ రైతులలో కొందరు మందుల బాకీలు లెక్క చూచుకొని, మరుసటి యేడు తిరిగి వచ్చిరి. నడుమ సంవత్సరము ఆయన యింటిలో పొయ్యి యెట్లు వెలిగెనో ఎవ్వరును అడుగలేదు.

కేంద్ర ప్రభుత్వము 2002 లోనే వ్యవసాయ పట్టభద్రులకొరకు అగ్రిక్లినిక్కుల పథకమును పెట్టి, శిక్షణమును, బ్యాంకు ఋణముపై రాయితీయు నిచ్చినది. కాని నేనెరిగినంతలో అట్లు శిక్షణ పొందినవారు పలువురు తుదకు ఎరువుల కొట్టే పెట్టుకొనిరి. వారిని నిందింపరాదు. బ్యాంకువారికి మూటలు కనబడును, సలహా కనబడదు. రైతు మూటకు డబ్బిచ్చును, మాటకు ఇయ్యడు.

ఒక్కొక్క రైతు ఒంటరిగా ఇయ్యలేనిది సంఘము ఇయ్యగలదు. ఎకరమునకు సాలునకు 300 రూపాయల చొప్పున 1,000 ఎకరములవారు చేరినచో 3 లక్షలగును. అనగా నెలకు 25,000. ఒక యోగ్యుడైన సలహాదారుని వేసవిలో కూడ నిలుపుకొనుటకు అది చాలును. సగము విత్తునాడును, సగము కోతనాడును వసూలు చేయవలెను, దిగుబడితో ముడిపెట్టరాదు. ఆయన ఏ కంపెనీవద్దను, కొట్టువద్దను కమీషను తీసికొనరాదు. చీటిలో వ్యాపారపు పేరు గాక మందు అసలు పేరును, మోతాదును వ్రాయవలెను. మందులను సంఘము తానే అరువుపై ఇయ్యగలిగిననాడు గాని ఆ చీటి చెల్లదు కనుక, ఆ యేర్పాటును దీనితోపాటే ఆలోచింపవలెను.

రాబోవు సర్వసభ్య సమావేశమున దీనిని చర్చకు పెట్టుమని కార్యదర్శిగారికి వ్రాసితిని. ఎకరమునకు 300 హెచ్చని తోచినవారు, గత సంవత్సరము తమ మందుల బిల్లులను వెంట తెచ్చి మాటలాడుదురు గాక.