బండి యదురు



పూర్వకావ్యములయందు రథఘోష వీరులకు శోభ యని చదివి యానందించితిమి. కుతుబ్‌షాహీల కాలపు సరాయి నేటికిని నిలిచియున్న మా షేక్‌పేటలో, ప్రతిదినము వేకువనే వినవచ్చు ఆటోల ఘోషయందు మాత్రము మాకట్టి శోభ కానరాలేదు.

మా వీధి పిల్లలను బడికి గొనిపోవు ఆటోలో చిన్నపిల్ల యొకతె చెవులు మూసికొని కూర్చుండుట చూచుచునే యుంటిమి. ఒకనాటి సాయంకాలము ఆ ఆటో నడుపునాతని యిల్లాలు మా యింటికి వచ్చి, "అమ్మగారూ! ఆయనకు వేళ్లు తిమ్మిరెక్కి గ్లాసు జారిపోతున్నదండీ. నీరసమేమోనని పాలు పోస్తున్నాను" అని కంటతడి పెట్టినది.

కొరత పాలలో లేదు, బండిలో నున్నది. ఒకే సిలిండరు గల ఫోర్‌స్ట్రోకు ఇంజను రెండుచుట్లు తిరిగిన నొక్కసారి మాత్రమే ఇంధనము మండి దెబ్బ కొట్టును. నిమిషమునకు 1,500 చుట్లు తిరుగునెడల 750 దెబ్బలన్నమాట. ఆ కుదుపులను కొంత సమము చేయుటకు ఫ్లైవీలను బరువుచక్ర ముండును. మన కుట్టుమిషను చక్రము చేయుపనియు నదియే. మిగిలిన యదురు చట్రమున కెక్కకుండుటకై ఇంజనునకు రబ్బరుదిమ్మ లమర్తురు. రోటిక్రింద గోనెసంచి మడిచి వేసినచో చప్పుడు నేలకు దిగదు గదా! ఆ రబ్బరు చీలినచో ఇనుము ఇనుమును తాకి, అదురు హాండిలుద్వారా నడుపువాని చేతులకును, రేకులద్వారా పిల్లల చెవులకును చేరును.

మెకానికు విప్పిచూడగా రబ్బరులు చీలియే యున్నవి; సైలెన్సరునకు చిల్లియు బడినది. "ముందే తెలుసమ్మా, డబ్బు లేక ఆగినాను" అని యాతడు తలవంచుకొనెను. నెలనెల బాడుగ తగ్గింపుమని యాతనితో బేరమాడినవారము మేమే! సిగ్గుపడి, పిల్లలను పంపు ఇండ్లవారమందరము తలా కొంత వేసికొని బాగుచేయించితిమి. ఇప్పుడా చిన్నది చెవులు మూసికొనుట లేదు. ఆతని తిమ్మిరి తగ్గుముఖము పట్టినదే గాని పూర్తిగ పోలేదు. వైద్యునకు చూపించుకొమ్మని పంపితిమి.

2000 సంవత్సరపు ధ్వనికాలుష్య నియమములు నివాసప్రదేశములకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ల హద్దు పెట్టినవి. హద్దు చెప్పుట చట్టము పని. చీలిన రబ్బరును మార్పించుట మన పని.

కావున, మీ పిల్లలెక్కు బండి ఇంజను తిరుగుచు నిలిచియుండగా సీటుకమ్మిపై నొకసారి చేయి యుంచి చూడుడు. కమ్మి మిక్కిలి యదిరి, రేకులు గలగలలాడినచో, బాడుగ బేరమునకు ముందు రబ్బరు సంగతి యడుగుడు.